అమ్మ బండికి కట్టు

స్కూలు గేటు దగ్గర అమ్మ బండి దిగలేదు. ఒక కాలు నేల మీద ఆనించి, మోచేతులు హ్యాండిల్ మీద పెట్టి, అలాగే కళ్ళు మూసుకుంది. మధ్యాహ్నం ఎండ నెత్తి మీదే ఉంది. నీడ వెతుక్కునే ఓపిక కూడా లేనట్టుంది.

"ఒరేయ్, టముకు వాళ్ళమ్మ వచ్చిందిరా! బండికి కంటి ఆపరేషన్ కట్టు ఇంకా విప్పలేదు!"

అన్నవాడు సోడాబుడ్డి. వాడి కళ్ళద్దాలు సీసా అడుగంత మందం. తన కళ్ళ జోలికి ఎవరైనా రాకముందే వాడు ఇంకొకళ్ళ కళ్ళ మీద పడతాడు. చుట్టూ ఉన్న పిల్లలు పగలబడి నవ్వారు.

టముకుకి వేరే మంచి పేరే ఉంది. కానీ ఏ మాట చెవిన పడ్డా వీధంతా చాటి వస్తుంది. ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే అమ్మ ముద్దుగా, కొంచెం విసుగ్గా, చాటింపు డప్పు పేరు పెట్టి టముకు అని పిలిచింది. ఆ పేరే స్థిరపడిపోయింది.

టముకు తల దించుకుని బండి దగ్గరికి వచ్చింది. అది ఎలక్ట్రిక్ సైకిల్. హ్యాండిల్ మధ్యలో చిన్న డిస్‌ప్లే ఉంటుంది. ఛార్జింగ్ ఎంతుందో, ఎంత వేగంగా పోతున్నామో అదే చెబుతుంది. మోటారు ఆన్ చేసే బటన్ కూడా దాని మీదే ఉంది. అది లేకపోతే ఎలక్ట్రిక్ సైకిల్ కాస్తా ఉత్త ఇనప మూట.

ఆ డిస్‌ప్లే ఎప్పుడూ కనపడదు. దాని చుట్టూ మెకానిక్ మామయ్య చుట్టిన పాత సైకిల్ ట్యూబు ముక్క. దాని మీద అడ్డదిడ్డంగా టేపు. టేపు మీద ఎండిపోయిన మట్టి. ఒక మూలన మాత్రం వేలిగోరంత సందు. అందులోంచి ఛార్జింగ్ అంకె ఒక్కటే కనిపిస్తుంది, బటన్ ట్యూబు మీంచే నొక్కాలి.

"అమ్మా, దీన్ని ఎప్పుడు బాగు చేయిస్తావు? అందరూ నవ్వుతున్నారు."

"పగిలిందిగా. పగిలింది పగిలినట్టే ఉండనీ. ఎక్కు."

అలసిపోయిన వాళ్ళ జవాబులు పొట్టిగా ఉంటాయి. టముకు ఎక్కి కూర్చుంది. అమ్మ ముందు బుట్టలో ఐస్ పెట్టె సర్దుకుని కదిలింది.

అమ్మ పని రక్తం తియ్యడం. లేవలేని వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, సూదితో రక్తం తీసి, చిన్న సీసాల్లో పోసి, ఐస్ పెట్టెలో పెట్టి, ల్యాబ్ మూసేలోగా అప్పజెప్పాలి. మెట్లు ఎక్కడం, దిగడం, తొక్కడం. మళ్ళీ మెట్లు. ఒక మోకాలు ఎప్పుడో మొరాయించింది. మోటారు ఉంది కనక నెట్టుకొస్తోంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ ఒక చెప్పు విప్పింది. రెండోది విప్పేలోగా గోడకి ఆనుకుని నిద్రపోయింది.

టముకు ఆ రెండో చెప్పు మెల్లగా లాగి పక్కన పెట్టింది. పాపం అమ్మ, అనుకుంది. ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. వంటింట్లోంచి గిన్నెలో కాస్త నూనె పోసుకుని, ఒక పాత బనియను పట్టుకుని మెట్ల కింద బండి దగ్గరికి వెళ్ళింది. పగిలితే పగిలింది, కనీసం శుభ్రంగా కనిపించేలా చేద్దామని.

టేపు గోళ్ళతో గీకింది. ట్యూబు ముక్క లాగేసింది. లోపల డిస్‌ప్లే చూసి నోరెళ్ళబెట్టింది.

పగుల్లేదు. గీత కూడా లేదు!

"మెకానిక్ మామయ్య అమ్మని మోసం చేశాడు!" అంది బండితో. బాగున్నదాన్ని పగిలిందని నమ్మించాడన్నమాట. జిగురంతా నూనెతో తుడిచి, బనియనుతో తళతళలాడేలా రుద్దింది. అందులో తన మొహం కనిపించింది. ఆ మొహం నవ్వుతోంది.

పొద్దున అమ్మ ఐస్ పెట్టె భుజాన వేసుకుని, గబగబా మెట్లు దిగి, బండిని చూసి ఆగిపోయింది.

"ఎవరు విప్పారు ఇది?"

"నేనే! అసలు పగల్లేదమ్మా! ఒట్టి మట్టే! చూడు ఎలా మెరుస్తోందో!"

అమ్మ నోరు తెరిచింది. కూతురి మొహం చూసింది. తెల్లారకముందే లేచి తలుపు దగ్గర కాపు కాసిన మొహం అది. అమ్మ నోరు మూసుకుంది.

"బాగుంది తల్లీ," అంది. ఐస్ పెట్టె బుట్టలో పెట్టి, "సాయంత్రం చూద్దాంలే. ఎక్కు, లేటయింది."

ఇక స్కూల్లో చెప్పాలా! మొదటి గంట కొట్టేలోగా క్లాసంతా తెలిసింది. ఇంటర్వెల్ అయ్యేలోగా పక్క క్లాసుకీ, గేటు దగ్గర వాచ్‌మన్‌కీ, నీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడ్డ పెద్ద పిల్లలకీ తెలిసింది. అమ్మ బండి డిస్‌ప్లే కొత్తదానిలా ఉందని. అందులో రంగురంగుల అంకెలు వస్తాయని.

మధ్యాహ్నం పిల్లలంతా బండి చుట్టూ మూగారు. సోడాబుడ్డి మొహం ఆనించి మరీ చూశాడు. "నిజమేరా! భలే ఉంది!"

అటూ ఇటూ పోయే పెద్దవాళ్ళు కూడా ఆగి చూశారు. అమ్మ అరచేయి డిస్‌ప్లే మీద పెట్టి, "జరగండి బాబూ, జరగండి," అంది. టముకు మాత్రం ఆ దారంతా గాల్లోనే ఉంది.

ఆ రోజు మిగతా ఇళ్ళన్నీ అయ్యాక ఆఖర్న అమ్మ రక్తం తీసే ఒక మామ్మగారి ఇల్లు. పాత మేడ, పై అంతస్తు. లిఫ్ట్ పనిచెయ్యదు. పనిచెయ్యదన్న బోర్డు మాత్రం చక్కగా పనిచేస్తోంది, ఏళ్ళ తరబడి వేలాడుతూనే ఉంది.

అమ్మ చక్రానికి గొలుసు తాళం వేసింది. జేబులోంచి చేతిరుమాలు తీసి డిస్‌ప్లే మీద కప్పింది. రెండు మెట్లు ఎక్కి, వెనక్కి తిరిగి మళ్ళీ చూసుకుంది.

"దా, నువ్వు కూడా రా. నువ్వు లేకపోతే మామ్మగారు చెయ్యి ఇవ్వరు."

అది నిజం. మామ్మగారికి సూదంటే చచ్చేంత భయం. టముకు కబుర్లు చెబుతుంటే సూది దిగిందో లేదో కూడా తెలీదంటారు. ఆ రోజు కూడా టముకు సోడాబుడ్డి బెంచీ మీంచి జారి పడ్డ కథ చెప్పింది. మామ్మగారు నవ్వుతుండగానే అమ్మ పని అయిపోయింది.

కిందికి దిగేసరికి చేతిరుమాలు నేల మీద పడి ఉంది.

తాళం తాళంలాగే ఉంది. బండి ఎక్కడికీ పోలేదు. డిస్‌ప్లే కింద ఎవరో స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించబోయారు. మెకానిక్ దాన్ని గట్టిగా బిగించాడు, ఊడి రాలేదు. ఊడి రానందుకు కోపం వచ్చినట్టుంది. రాయితో కొట్టారు. గాజంతా పొడి. వైరు తెగి వేలాడుతోంది. రాయి కూడా అక్కడే ఉంది. తమకి దక్కనిది ఇంకొకళ్ళకి మిగలకూడదనుకునే జాతి ఒకటుంది లోకంలో.

అమ్మ ఆఖరి మెట్టు మీద కూలబడింది. తర్వాత మోకాలు పట్టుకుని లేచింది.

"పద. ల్యాబ్ మూసేస్తారు."

మోటారు రాదు. బ్యాటరీ బరువుతో ఆ బండి తొక్కితే కదలదు. అమ్మ ముందు నెడితే టముకు వెనక నుంచి నెట్టింది. రోడ్డు గుంటల్లో బండి ఎగిరెగిరి పడుతోంది. బుట్టలో ఐస్ పెట్టె గడగడలాడుతోంది.

ఒక గుంట దాటాక టముకు అంది. "అమ్మా... నేను విప్పకపోతే..."

"అది ఎప్పుడూ పగల్లేదే," అంది అమ్మ, రొప్పుతూ. "మెకానిక్ మామయ్యా నేనూ కావాలనే కట్టాం. పగిలిన దాని మీద ఎవడూ చెయ్యి వెయ్యడని. నీ చిన్నప్పుడు ఇలాగే ఒకటి దొంగలు ఎత్తుకుపోయారు."

"నాకెందుకు చెప్పలేదు?"

అమ్మకి నవ్వొచ్చింది. నవ్వడానికి ఓపిక లేక సగంలో ఆగిపోయింది. "నీకు చెబితే మైకులో చెప్పినట్టేగా తల్లీ!"

టముకు బండిని ఇంకో గుంట దాటించింది. చిన్నగా అడిగింది. "మరి పొద్దున్నైనా చెప్పొచ్చుగా?"

"చెబుదామనే అనుకున్నా. నీ మొహం చూశాక నోరు రాలేదు. అంత సంబరం మీద నీళ్ళెలా పొయ్యను? అందులో నా తప్పూ ఉందిలే. నెట్టు, చూస్తూ నిలబడకు."

వాళ్ళు వెళ్ళేసరికి ల్యాబ్ ఆయన సంచి భుజానికి తగిలించుకుని లైట్లు ఆర్పుతున్నాడు. గొణుక్కుంటూ మళ్ళీ లైటు వేశాడు. పెట్టె తెరిచాడు. ఐస్ నీళ్ళయిపోయింది. సీసాలు ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి చూశాడు.

"మిగతావి ఫరవాలేదు చెల్లమ్మా. ఇది మాత్రం కుదుపులకి పాడైపోయింది. మళ్ళీ తియ్యాలి."

టముకు తొంగి సీసా మీద చీటీ చదివింది. మామ్మగారిది.

"ఇంకోసారి ఇలా అయితే పైవాళ్ళు నీ ఇళ్ళన్నీ వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు," అన్నాడు ఆయన, మొహం పక్కకి తిప్పుకుని. "నా చేతుల్లో ఏం లేదమ్మా."

"తెలుసన్నా," అంది అమ్మ.

మర్నాడు మామ్మగారి గుమ్మం దగ్గర అమ్మ కంటే ముందు టముకే నోరు విప్పింది. "మామ్మగారూ, నిన్నటి రక్తం పాడైంది. నా వల్లే."

మామ్మగారు తన చేతుల కేసి చూసుకున్నారు. ఆ చేతుల్లో ఎముక, చర్మం తప్ప ఏమీ లేవు. నిన్న సూది దిగిన చోట నల్లగా కమిలింది.

"పోనీలే. రెండో చెయ్యి నిన్నటి నుంచి ఖాళీగానే ఉందిగా, కానివ్వండి," అన్నారు. కానీ సూది చూడగానే కళ్ళు గట్టిగా మూసుకున్నారు. టముకు ఆ చెయ్యి పట్టుకుని ఊరికే నిలబడింది. ఒక్క కబురూ గుర్తుకు రాలేదు.

"ఏమే, ఇవాళ టముకు మోగదా? ఏదో ఒకటి చెప్పవే, నొప్పెడుతోంది!"

అప్పుడు చెప్పింది. సూది బయటికి వచ్చేదాకా చెబుతూనే ఉంది.

ఆ తర్వాత అమ్మ బ్యాటరీ తీసేసి ఉత్త బండినే తొక్కింది. పొద్దున ఇంకా ముందు బయల్దేరేది, సాయంత్రం ఇంకా ఆలస్యంగా వచ్చేది. ల్యాబ్ మూసేలోగా ఎలాగో అందుకునేది. ఇంటికొచ్చాక మోకాలికి వేడి నీళ్ళ కాపడం. కాపడం పెట్టేది టముకే. చెప్పులు రెండూ విప్పేది కూడా టముకే.

చివరికి మెకానిక్ మామయ్య కబురు పంపాడు. పాడైపోయిన వేరే బండిదొకటి దొరికిందట. అమ్మా కూతురూ షాపుకి వెళ్ళేసరికి బిగించేస్తున్నాడు.

"కొత్తది కాదమ్మాయ్. కానీ మంచిది. దొంగకి రెండూ ఒకటే," అన్నాడు, స్క్రూ మీద నుంచి చూపు తిప్పకుండా.

"మామయ్యా, పాత ట్యూబు ముక్క ఉందా?" అని అడిగింది టముకు.

మామయ్య ఒకసారి అమ్మని చూశాడు. తర్వాత మూలనున్న చెత్త డబ్బా చూపించాడు. టముకు ఒక ముక్క ఏరుకుంది. డిస్‌ప్లే చుట్టూ చుట్టింది. కత్తెరతో టేపు నీటుగా కత్తిరించి, అంచులు కలిపి, ముడత లేకుండా అంటించింది.

"అంత అందంగా కట్టావేంటే!" అన్నాడు మామయ్య. "గిఫ్టు ప్యాకెట్ అనుకుని ఇంకా ముందే ఎత్తుకుపోతారు!"

టముకు టేపంతా పీకేసింది. ఈసారి పళ్ళతో కొరికి తెంపి అడ్డదిడ్డంగా అంటించింది. వాకిట్లో మట్టి ముద్ద చేసి పులిమింది. ఒక మూలన వేలిగోరంత సందు ఉంచింది. బల్ల మీద జోగుతున్న అమ్మ ఒక కన్ను తెరిచి చూసింది.

"ఇంకాస్త అసహ్యంగా," అంది. మళ్ళీ కన్ను మూసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం స్కూలు గేటు దగ్గర అమ్మ బండి ఆగింది. సోడాబుడ్డి పరిగెత్తుకొచ్చాడు. వాడి వెనక మామూలు గుంపే.

"ఇదేంటే! మళ్ళీ కట్టు కట్టారా? బాగుంది, మెరుస్తోంది అని అన్నావుగా! ఇప్పుడు నిజంగా పగిలిందా? లోపల ఏముంది? చెప్పవే!"

గుంపంతా చెవులు రిక్కించింది. వాచ్‌మన్ కూడా మెడ సాచాడు. మాట టముకు గొంతు దాకా వచ్చింది. నాలుక చివరికి వచ్చింది. ఇదివరకైతే ఈపాటికి వీధి దాటేది.

టముకు పెదవి కొరుక్కుంది. స్కూలు బ్యాగు తీసి, ఆ మూలనున్న సందుకి అడ్డంగా హ్యాండిల్‌కి తగిలించింది.

"నీ కళ్ళద్దాలు జారిపోతున్నాయి, పైకి తోసుకో," అంది. అని ఎక్కి కూర్చుంది.

బండి కదిలింది. మోటారు సన్నగా మూలిగి ఊపందుకుంది. అమ్మ కాళ్ళు ఊరికే పెడల్ మీద ఆని ఉన్నాయి. మలుపు తిరిగాక అడిగింది.

"ఏమంటున్నాడే వాడు?"

"ఏం లేదమ్మా."

అమ్మ బ్రేకు వేసినంత పని చేసింది. వెనక్కి తిరిగి కూతురి మొహం చూసింది. ఆ పిల్ల నోట ఆ మాట వినడం ఆవిడకి అదే మొదటిసారి.