పాలు పిండడం రాని ఆఫీసర్

మదనపల్లె టమోటా మండీ వెనక గదిలో గూఢచార శాఖ చీఫ్ వెంకటముని బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"కుప్పంలో ఒక బ్రెయిన్ ల్యాబ్ ఉండాది. మనుషులు చేతిపని ఎట్లా నేర్చుకుంటారో స్కాన్ తీస్తారంట. వెనక నడిపించేది విదేశీ ముఠా. కొత్త పనికి మెదడంతా వెలుగుతాది. అలవాటైన పనికి ఊరికే ఉంటాది. పరీక్షకని పిలిచి, మన ఆయుధాల డిపో ఆఫీసర్ చేత రకరకాల నంబర్లు నొక్కిస్తారు. మెదడు ఊరికే ఉండే నంబరే ఆయుధాల గది కోడ్."

"ఆ ఆఫీసర్ వేషం నాదా సార్?" అన్నాడు ఏజెంట్ ప్రతాప్.

"నీదేనప్పా. దొంగ నంబర్ నీ వేళ్లకు బాగా అలవాటు చేసినాం. డిపోలో అది కొడితే అలారమే. ముందు నీకు రాని పని ఒకటి చేయిస్తారు, పోల్చుకునేదానికి. పాలు పిండేది. ఆఫీసరూ నువ్వూ బెంగుళూరోళ్లే, భయం లేదు."

ప్రతాప్ తలూపాడు. పుంగనూరు పక్క పల్లెలో పరాయి ఆవులు పిండుతూ పెరిగిన సంగతి దాచి, సర్వీసు ఫైల్లో బెంగుళూరని రాసుకున్నాడు. ఇప్పుడు చెప్పడానికి ఇంకా సిగ్గేసింది.

ల్యాబ్‌లో, పిండడం వచ్చిన మనిషిగా పిలిపించిన ఆడమనిషి, లోపలికి లోహం తేకూడదంటే స్కానర్ గది ముందు మెట్టెలు తీస్తోంది. అతని సొంత అక్క మునీశ్వరి.

"ఒరే..." అంటూ లేచింది.

ముఠా మనిషి అజయ్ చటుక్కున తిరిగాడు.

"ఎవరీమె?" అన్నాడు ప్రతాప్.

ఆమె ముఖం మాడిపోయింది. "ఎవురో అనుకుంటి సామీ."

స్కానర్‌లో పడుకోబెట్టి రబ్బరు పొదుగు చేతికిచ్చారు. బొటనవేలు తనంతట తానే మడుచుకుంది. ఆ పట్టుతో పిండితే మెదడు ఊరికే ఉంటుంది, గుట్టు బయటపడుతుంది. బలవంతాన వంకర పట్టు పట్టాడు. వేళ్లు మొరాయించాయి.

స్పీకర్లో అక్క గొంతు. అజయ్ ఆమె చేత నేర్పిస్తున్నాడు.

"అట్లా లాగితే ఆవు తంతాది సామీ! మీ ఇంట్లో ఎవురూ నేర్పలేదా?"

ప్రతాప్ చెవులు కాలిపోయాయి.

"ఏంది, కొత్తోళ్లకంటే ఎక్కువ వెలుగుతాండాది మెదడు?" అన్నాడు అజయ్ అనుమానంగా.

"కొత్త పని కదా సార్!" స్క్రీన్ ముందు మేఘన నవ్వింది. ముఠా జీతం తింటూ చీఫ్ కోసం పనిచేసే డబుల్ ఏజెంట్ ఆమె.

తర్వాత నంబర్లు నొక్కించారు. దొంగ నంబర్ దగ్గర అజయ్ చిటిక వేశాడు. "దొరికె!"

సాయంత్రం, డిపో బయట ముఠా లారీ ఇంజను ఆడుతుండగా, అజయ్ ఆయుధాల గది తాళం మీద చివరి అంకె నొక్కాడు. సైరన్ మోగింది. నలువైపులా చీఫ్ మనుషుల తుపాకులు లేచాయి.

ప్రతాప్ కుప్పం బస్టాండుకు పరుగెత్తాడు. "అక్కా!"

మునీశ్వరి బస్సు మెట్టు మీద నుంచి చూసింది. "మీరెవురో సామీ. మా తమ్ముడు నన్ను గుర్తుపడతాడు."

బస్సు కదిలింది. ఫోన్ మోగింది.

"ఏం నటనప్పా! నమ్మనోడు లేడు!" అన్నాడు చీఫ్.

"అవును సార్," అన్నాడు ప్రతాప్. "అందరూ నమ్మినారు."