ఎవరి తప్పూ లేదు

తొంభై రెండు ఎండాకాలం. ఆ ఉదయం లక్ష్మీకాంతమ్మ గిన్నెలో పాలు పోసినా జూలీ తలెత్తలేదు. గేటు చప్పుడైతే చాలు, ఫిల్మ్‌నగర్ వీధంతా వినపడేలా మొరిగే బుల్లి తెల్ల కుక్క అది. మూతి ఎత్తి చూస్తే చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పెరట్లో పోసిన మూత్రం కాఫీ రంగులో ఉంది.

"త్రినాథా! జూలీ ఎలాగో ఉందిరా!"

సినిమా ఎడిటరైన ఆమె కొడుకు త్రినాథరావు పరుగెత్తుకొచ్చాడు. చనిపోయిన అతని భార్య పుష్పవల్లి ముచ్చటపడి తెచ్చుకున్న కుక్క అది.

"ఏం పెట్టావమ్మా దీనికి?"

"మొన్న ఉప్మా కోసం గోల చేస్తే కాస్త..."

"ఉల్లిపాయ వేసిన ఉప్మానా? కుక్కలకి ఉల్లిపాయ విషమని డాక్టరు చెప్పలేదూ? మొదట్నుంచీ నీకిది గిట్టదు. చివరికి సాధించావు!"

గిట్టకపోవడం ఒకప్పటి మాట. కోడలు పోయాక మధ్యాహ్నాలు ఆ ఇంట్లో ఆమెకు తోడున్నది జూలీయే. అతను జూలీని ఎత్తుకుని డాక్టరు దగ్గరికి బయల్దేరుతుంటే, "నేనూ వస్తా" అని చెప్పులేసుకుంది.

పశువుల డాక్టరు పరబ్రహ్మం గాజుపలక మీద రక్తపు చుక్క వేసి చాలాసేపు పరీక్షించాడు.

"నా చేత్తోనే పెట్టాను బాబూ. నా వల్లేనా?" అడిగింది లక్ష్మీకాంతమ్మ.

"కాదమ్మా. ఉల్లిపాయ వల్లయితే రక్తకణాలు ఇంకోలా పాడవుతాయి. ఇవి గుంపులుగా అంటుకుపోయాయి. జబ్బుల నుంచి కాపాడాల్సిన శక్తే పొరబడి, సొంత రక్తాన్ని పరాయిదనుకుని చంపేస్తోంది. ఎవరి తప్పూ లేదు. మందు మొదలుపెడతాను. ఈ వారం గట్టెక్కితే బతుకుతుంది."

ఆమె బల్ల మీద కూలబడి భోరుమంది. త్రినాథరావు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"పుష్ప పోయినప్పుడూ ఇంతేనమ్మా. ఎవర్నో ఒకర్ని తిట్టుకుంటేగానీ నాకు ఊపిరాడలేదు. ఇవాళ నువ్వు దొరికావు. తప్పయిపోయింది."

"నన్ను కాక ఎవర్నంటావులే" అంది కళ్లు తుడుచుకుంటూ.

ఆ వారం ఇద్దరూ వంతులవారీగా దాని దగ్గర కూర్చున్నారు. మెల్లగా చిగుళ్లకు రంగు తిరిగింది. మందు ప్రభావంతో ఆకలీ పెరిగింది. ఒకరోజు దేవుడికని తీసిపెట్టిన గారెలన్నీ జూలీ మింగేసింది. త్రినాథరావు కసురుకుంటూ లేచాడు.

"దాన్నేం అనకురా, మళ్లీ వండుతా!" లక్ష్మీకాంతమ్మ అడ్డం వచ్చింది.

"ఎవరంటున్నారమ్మా!" నవ్వుతుండగానే అతని కళ్లు చెమర్చాయి. కుక్కనీ తల్లినీ కలిపి దగ్గరకు తీసుకున్నాడు.