రెండో ప్లేటు

"శత్రువుల మధ్య మారుపేర్లతో ఉన్న మనవాళ్ల ఫోటోల చిప్ కాజేశారు. ఈ సాయంత్రం అది చేతులు మారిందంటే అందరూ చస్తారు. అందులో నీ తమ్ముడూ ఉన్నాడు" అన్నాడు చీఫ్.

ఏజెంట్ డేగ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ఎక్కడ సార్?"

"జపనీస్ రెస్టారెంట్లో. అక్కడి చెఫ్ వాళ్ల మనిషి. సుషీ తిని, అదే మళ్లీ కావాలని అడిగేవాళ్లే కొరియర్. రెండో ప్లేట్లో చిప్ వస్తుంది."

"నచ్చితే ఎవరైనా అడుగుతారుగా?"

"వెళ్లి తిను, తెలుస్తుంది. నీ వాచీలో మైకూ స్పీకరూ ఉన్నాయి. 'భోజనం అద్భుతం' అంటే చాలు, మనవాళ్లు లోపలికి దూకుతారు. అక్కడ ఆ మాట పొరపాటున కూడా ఎవరి నోటా రాదు. ఇవేవీ నెమలికి చెప్పకు. లీకు మన ఆఫీసులోనే ఉంది."

నెమలి అతని పాత పార్ట్‌నర్. ఆ సాయంత్రం నల్ల సిల్కు గౌనులో అతని భార్యగా వచ్చి ఎదురుగా కూర్చుంది.

టేబుల్ మీద చెయ్యి పెడితే అంటుకుంది. గోరువెచ్చని సూప్ తడిగుడ్డ వాసన కొడుతోంది. డేగ పెట్టుడు మీసం ఒక కొస ఊడి అందులో పడింది. తర్వాత సుషీ వచ్చింది. అన్నం చల్లగా గడ్డకట్టింది. దాని మీది చేప ముక్క అంచుల్లో ఎండి, మధ్యలో జిగురుగా మెరుస్తోంది. డేగ ఒక్క కొరుకు కొరికి, మిగతాది ప్లేట్లోనే పెట్టేశాడు. పక్క టేబుల్ పెద్దాయన తన ముక్కని నాప్కిన్లో చుట్టి పూలకుండీలో పాతిపెట్టాడు. అన్ని టేబుళ్ల మీదా ప్లేట్లు నిండుగానే ఉన్నాయి.

ఒక్క నెమలి ప్లేటు తప్ప.

"ఏమండీ, నాకు ఇదే ఇంకో ప్లేటు చెప్పండి" అంది పెదవులు తుడుచుకుంటూ.

డేగ వెయిటర్‌ని పిలిచి చెప్పాడు. ఎన్ని మిషన్లలో ప్రాణాలు ఆమె చేతిలో పెట్టాడు! తమ్ముడికి రాఖీ కట్టిన చెయ్యి అది. చేప కంటే ఎక్కువ రోత పుట్టింది.

రెండో ప్లేటు వచ్చింది. మధ్య ముక్క కింద అన్నంలో ఏదో తళుక్కుమంది. ఆమె చాప్‌స్టిక్స్ దాని మీదికి వాలేలోగా డేగ ఆ ముక్కను లాక్కుని నోట్లో కుక్కుకున్నాడు.

బల్ల కింద పిస్టల్ అతని మోకాలికి ఆనింది.

"ఉమ్మెయ్" అంది నెమలి, నవ్వు చెదరకుండా.

ఉమ్మేయాలనే ఒళ్లంతా కోరుకుంటోంది. తమ్ముణ్ణి తలుచుకుని, కళ్లు మూసుకుని గుటుక్కున మింగేశాడు. తర్వాత వాచీ నోటి దగ్గర పెట్టుకుని, పుట్టి బుద్ధెరిగాక ఆడనంత పెద్ద అబద్ధం ఆడాడు.

"భోజనం అద్భుతం."

వంటింటి తలుపు బద్దలైంది. ట్రిగ్గర్ మీద వేలు బిగిసే క్షణంలో ఎవరో వెనకనుంచి నెమలి చెయ్యి విరిచి పట్టుకున్నారు.

వాచీలో చీఫ్ గొంతు వినిపించింది. "శభాష్. చిప్ ఏది?"

"కడుపులో ఉంది సార్."

"సరే, రేపు పొద్దున ల్యాబ్‌కి పంపిద్దువుగాని."

"ఇప్పుడే ఒక బకెట్ పంపించండి సార్" అన్నాడు డేగ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "ఆ చేప పొద్దున దాకా ఆగేలా లేదు."