క్లెపోన్ ఉపవాసం

డిటెక్టివ్ లస్త్రి ఇంటి గుమ్మం ముందు నిలబడి గబగబా చెప్పుకొచ్చింది వెనింగ్.

"మా ఇంట్లో కొండచిలువ తిండి మానేసిందక్కా. నేనే విషం పెట్టానంటున్నారు మా ఆయన. అది చస్తే నన్ను పుట్టింటికి పొమ్మన్నారు!"

"పెట్టావా?" అని సూటిగా అడిగింది లస్త్రి.

"దాన్ని చూస్తేనే ఒళ్ళు జలదరిస్తుంది. దగ్గరికెళ్తే కదా పెట్టడానికి?"

యోగ్యకర్త నగరంలో దొంగల్నీ, దొంగ మొగుళ్ళనీ పట్టిన లస్త్రికి పాము కేసు ఇదే మొదలు. ఆవిడ మాటను వేదంలా వినే సహాయకుడు యోగో అప్పటికే స్కూటర్ బయటికి తీశాడు.

ఆ ఇంటి పెద్ద సస్త్రో. భార్య పోయాక, ఆవిడ పెంచిన కొండచిలువ క్లెపోన్‌తోనే ముసలాయనకు కాలక్షేపం. దాని చెక్కపెట్టె పక్కన ఆయన కొడుకు, వెనింగ్ మొగుడు గలిహ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎప్పట్నుంచి తినడం లేదు?" అని అతన్ని అడిగింది లస్త్రి.

"సూరో నెల మొదలైనప్పట్నుంచి. ఎలకను చూపిస్తే నాలుక ఆడించి మొహం తిప్పేస్తోంది. జబ్బేం లేదన్నాడు డాక్టరు. పామో నేనో తేల్చుకోమని అరిచింది ఈవిడేగా!"

"అరిచాను. అరిస్తే చంపేస్తానా?" అంది వెనింగ్ ఏడుస్తూ.

లస్త్రి చుట్టూ చూసింది. గోడమీద తాతల నాటి కత్తి తళతళలాడుతోంది. పెరట్లో పిండేసిన నిమ్మచెక్కలు పడి ఉన్నాయి. ఆవిడ పెట్టెలోకి వంగి వాసన చూసి, యోగోను పిలిచింది.

"మల్లెల ఘాటక్కా! పెళ్ళిపందిరిలా ఉంది" అన్నాడతను.

లస్త్రి పామును మూతున్న వెదురుబుట్టలోకి మార్పించి, సాయంత్రం దాకా దాని జోలికి ఎవర్నీ వెళ్ళనివ్వలేదు. తర్వాత అందర్నీ బుట్ట దగ్గరికి పిలిచింది.

"ఇక్కడ విషమూ లేదు, హంతకులూ లేరు. పాముకి తిండి ఆచూకీ చెప్పేది దాని నాలుకే. సూరో నెలలో ఆచారం ప్రకారం పెద్దల కత్తిని నిమ్మరసంతో కడిగి మల్లెనూనె రాసేదెవరు?"

అందరూ సస్త్రో వైపు చూశారు.

"పెద్దాయన కత్తితో ఆగలేదు. ఆ నూనె పాము పెట్టెకూ పట్టించారు. ఆ ఘాటులో ఎలక వాసన దానికెలా తెలుస్తుంది? కొన్ని వారాలు తినకపోయినా దానికేం కాదు. పెట్టె కడిగి ఎండబెట్టండి, చాలు."

ముసలాయన కళ్ళు తడిశాయి.

"ఇంటిని కాసేది కత్తొక్కటేనా తల్లీ? ఈ పామూ కాస్తుందనే దాని పెట్టెకూ రాశాను. నా చేతులు చేసిన పనికి కోడలు మాటలు పడింది." ఎలకను పట్టుకున్న పట్టకారు వెనింగ్‌కిచ్చాడు. "నింద నీమీద పడింది. నువ్వే పెట్టమ్మా."

వెనింగ్ కళ్ళు మూసుకుని, మూత తీసిన బుట్టవైపు చెయ్యి చాచింది. క్లెపోన్ ఒక్క ఉదుటున అందుకుంది. ఆమె కెవ్వున అరిచి, ఆ అరుపులోనే పకపకా నవ్వేసింది. ఆ నవ్వు విని యోగోకు కూడా ప్రాణం లేచొచ్చింది.

"తప్పు నాదే వెనింగ్..." అని నసిగాడు గలిహ్.

"ఇకనుంచి దీనికి నేనే పెడతా. నీకు మాత్రం ఈ వారం వండను. తినకపోయినా ఏం కాదని అక్క చెప్పిందిగా!"