వేలంలో పోయిన విత్తనం కంద

స్టవ్ మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు పెరట్లోకి ఒకసారి వెళ్లిరావడం ప్రభావతికి అలవాటు. రేకుల పాకలో పొడి ఇసుక పరిచి, విత్తనానికి దాచిన కంద దుంపలు ఒకదానికొకటి తగలకుండా పెట్టుకుంది. ఏదైనా మెత్తబడిందేమోనని రోజూ నొక్కి చూసుకుంటుంది. ఇంకో వారంలో నాటాల్సినవి. ఆ సోమవారం పొద్దున చూస్తే ఇసుకలో గుంటలే మిగిలాయి.

"హేమా!"

ఆ కేక బందరు బస్టాండుదాకా వినబడి ఉంటుంది. కోడలు తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఇక్కడి దుంపలేవి?"

"నిన్న చర్చిలో కోతపండగ కదా అత్తయ్యా. మీరు జ్వరంతో పడుకున్నారని కానుక నేనే తీసుకెళ్లాను."

"కానుకవి గోనెసంచిలో ఉన్నాయిగా!"

"అవి చిన్నవండీ. దేవుడికి మంచివి ఇవ్వాలి కదా అని..."

"దేవుడు పులుసు పెట్టుకు తింటాడా? అవి విత్తనమే తల్లీ! మా అత్తగారి నాటి నుంచి ఈ పెరట్లో వేస్తున్న విత్తనం. రవ్వంత దురదుండదు. ఊరంతా గాలించినా దొరకదు. నీకు బుర్రుందా అసలు?"

హేమ మొహం కందగడ్డయింది. "ఉందండీ! పెళ్లై వచ్చిన దగ్గర్నుంచి ఆ పాకలో నన్ను అడుగు పెట్టనిచ్చారా? ఏది విత్తనానికో, ఏది కూరకో ఒక్కరోజైనా చెప్పారా? నాకేమైనా కలొస్తుందా?"

ప్రభావతికి ఒళ్లు మండిపోయింది. లోపల పాలు పొంగి స్టవ్ ఆరిపోయినా పట్టించుకోలేదు. పేపరు చాటున కూర్చున్న భర్త దైవాధీనం మీదికి తిరిగింది. "మీరూ ఉన్నారుగా అక్కడ! కానుకల వేలంలో వాటిని ఎవరు పాడుకున్నారు?"

"మా స్వర్ణ."

"చూస్తూ ఊరుకున్నారా?"

"నా చెల్లెలు పాడుకుంటుంటే అడ్డం పడమంటావా?" అని ఆయన మళ్లీ పేపరెత్తుకున్నాడు.

స్వర్ణలతతో ప్రభావతికి మాటల్లేక ఏళ్లయింది. అయినా ఆటో ఎక్కింది. హేమ కూడా మూతి ముడుచుకుని పక్కన కూర్చుంది. చిలకలపూడిలో దిగేసరికి స్వర్ణలత వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని ఉంది. చేతిలో పెద్ద దుంప.

"ఆగు! కొయ్యకు!" ప్రభావతి గేటు దగ్గరే అరిచింది.

"నేను పాడుకున్న కంద. కోసుకుంటానో పారేసుకుంటానో నా ఇష్టం."

"అది విత్తనం స్వర్ణా!"

"నాకు తెలీదా?" స్వర్ణలత దుంపను ఒళ్లోకి లాక్కుంది. "చర్చిలో కానుకల బల్ల మీద చూడగానే గుర్తుపట్టాను. అమ్మ పోయినప్పుడు నిన్నేమడిగాను వదినా? నగలడిగానా? స్థలమడిగానా? ఒక్క విత్తనం ముక్క. పెళ్లై వెళ్లిపోయినదానివి, ఈ ఇంటి విత్తనంతో నీకేం పనన్నావు. నలుగురిలో అన్నావు! మా అమ్మ వేసిన కంద నేను వేలంలో పాడుకోవాల్సి వచ్చింది!"

ప్రభావతి ఆ దుంప వైపు చూసింది. అత్తగారు నీళ్లు పోసి పెంచిన మొక్క. దాన్ని ఆవిడ కూతురికే లేకుండా చేసింది తను. సిగ్గుతో కళ్లు నిండిపోయాయి.

"తప్పు చేశాను స్వర్ణా. చాలా తప్పు చేశాను."

స్వర్ణలత మొహం తిప్పుకుని, "కూరకి కాదు కోస్తోంది. నాటుకుందామనే. ఎలా కొయ్యాలో అమ్మ నీకు నేర్పింది, నాకు కాదు" అంది కోపంగానే.

ప్రభావతి కత్తిపీట ముందు కూర్చుంది. "ప్రభువా, అడ్డంగా కోసేసేదానివి! హేమా, దూరంగా నిలబడతావేం? ఇలా వచ్చి కూర్చో. ఈ నడిమధ్యన ఉందే, ఇదే మొలక. నిలువునా కోస్తే ప్రతి ముక్కకీ కాస్త వస్తుంది. మొలక రాని ముక్క మట్టిలో కుళ్లిపోతుంది."

హేమ వంగి చూసింది. "ఇంకోటి నేను కోస్తానత్తయ్యా."

"కొయ్యి. తప్పు కోస్తే మాత్రం ఊరుకోను."

ప్రభావతి మొదటి ముక్క తీసి ఆడపడుచు చేతిలో పెట్టింది. స్వర్ణలత దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. కళ్లు తుడుచుకుంటూనే గదిమింది.

"మొలక నీవైపే ఎక్కువుంచుకున్నావు వదినా. సరిగ్గా కొయ్యి."