తళతళమ్మ తోమిన రాళ్లు

కరెంటు బొట్టు కూడా తాగకుండా మురికినీళ్లను తేటనీళ్లుగా మార్చే మహాయంత్రం ఒకటి తళతళమ్మ వాళ్ల పిన్ని ఇంటి వెనకాల ఉంది. అలాంటిది రాజుల కోటల్లో కూడా లేదు.

ఒక మధ్యాహ్నం తళతళమ్మ ఆ యంత్రాన్నే బ్రష్షు పెట్టి తోముతోంది. ఆ పిల్లకి అసలు పేరు వేరే ఉందిలెండి. గరిటె కనబడితే చాలు, మెరిసేదాకా వదలదని పిన్ని పెట్టిన పేరిది.

యంత్రం అన్నానా? కాస్త ఎక్కువ చెప్పాను. అదొక పొడుగాటి తొట్టి, అంతే. నిండా గులకరాళ్లు, మధ్యలో తుంగ దుబ్బులు. స్నానాల నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు ఒక చివర పడతాయి. వాలుగా రాళ్ల సందుల్లోంచి పాకి, రెండో చివర తేటగా బయటికొచ్చి వంగమొక్కలకు పోతాయి. మోటారూ లేదు, బిల్లూ లేదు.

ఇంటి ఓనరు గారికి మాత్రం అదంటే గిట్టదు. నెలాఖరుకి వస్తాననీ, వాసనొస్తే సిమెంటుతో పూడ్పించేస్తాననీ చెప్పి వెళ్లారు. అప్పట్నుంచీ పిన్నికి అన్నం సయించడం లేదు. అందుకే పిన్ని బజారుకెళ్లిన సమయం చూసి, తళతళమ్మ రాళ్లకు పట్టిన జిగురంతా సబ్బు పెట్టి వదలగొట్టింది.

రెండ్రోజులకే నీళ్లు మడ్డిగా, కంపు కొడుతూ వచ్చాయి. పిన్ని ఒక రాయి తీసి, వేలితో రాసి చూసింది.

"ఎవరు కడిగారే?"

"నేనే పిన్నీ. మురికిగా ఉంటే ఆయన పూడ్పించేస్తారని..."

పిన్ని తిట్టలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. ఆ జిగురులో కంటికి కనబడని ప్రాణులుంటాయట. నీళ్లలోని మురికిని తినేది అవేనట.

"అన్నిట్నీ చంపేశానా?" అంటూ తళతళమ్మ మళ్లీ బ్రష్షు అందుకుంది.

"నీ బ్రష్షు అందని అడుగు రాళ్ల మీద మిగిలే ఉంటాయి. వాటిని పైరాళ్ల మధ్య పెడితే మళ్లీ పెరుగుతాయి. బ్రష్షు అవతల పెట్టు. చేతులతోనే తియ్యాలి."

జిగురంటే ఆమడదూరం పారిపోయే పిల్ల మోచేతుల దాకా ముంచింది. అడుగు రాళ్లను పసిపిల్లల్ని ఎత్తినట్టు ఎత్తి, కడిగిన రాళ్ల మధ్య సర్దింది. రోజూ బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ భుజాన ఉండగానే నీళ్లు వాసన చూసేది. కంపు కొంచెం తగ్గింది. తర్వాత మరికొంచెం.

ఓనరు గారు ముక్కు పట్టుకునే వచ్చారు. కాసేపటికి వదిలేశారు. వంగి ఒక రాయి తీసి, ఇదేమిటిలా జారుతోందంటూ కుళాయి వైపు నడిచారు.

తళతళమ్మ అడ్డంగా వెళ్లి చెయ్యి చాపింది.

"కడక్కండి తాతగారూ. అవి అన్నం తింటున్నాయి."

ఆయన రాయికి సారీ చెప్పి, ఆ పిల్ల చేతిలో పెట్టేశారు. సిమెంటు మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ సారీ ఒక్కటీ నా కల్పన. ఆయన ఒట్టినే పెట్టేశారు.