పదిహేడో డబ్బాలో తడి గోనె

కువైట్‌లోని అల్ రాయ్‌లో మధ్యాహ్నం పన్నెండూ పది. ఎండ యాభై ఒక్క డిగ్రీలు. కాంట్రాక్టు కంపెనీ గోదాము పక్క సందులో, రేకుల నీడన నాగేంద్రప్రసాద్ నిలబడి ఉన్నాడు. మూడు రోజులుగా వస్తున్నాడు, గోదాము తలుపు దాకా వెళ్తున్నాడు, వెనక్కి తిరుగుతున్నాడు. దొంగ పాస్‌పోర్టుతో నాలుగు సరిహద్దులు దాటిన మనిషికి ఆ ఒక్క గడప కొరుకుడు పడటం లేదు.

రోడ్డు దాటి, నల్ల బురఖాలో ఒక నడివయసు ఆడమనిషి గుడ్డసంచితో వచ్చింది.

"గొడ్డుకారం కావాల్నా నాయనా?"

"కావాలక్కా. ఎర్రగడ్డ లేకుండా."

కోడ్ కలిసింది. బుడేన్‌బీది రాయచోటి. కువైటీ ఇంట్లో వంటమనిషి. ఢిల్లీ కబుర్లు తన వంటమనిషి కారం సీసాల్లో తిరుగుతున్నాయని, బుడేన్‌బీ 'మామా' అని పిలిచే ఆ ఇంటి యజమానురాలికి కలలో కూడా తెలియదు.

"మామా కార్ల షోరూంలో ఉండాది. రంగు తేల్చుకునేలోపల పోవాల నేను," అని సీసా చేతిలో పెట్టి, అతని ముఖం చూసింది. "ఏమి అట్ల పీక్కపోయినావు? అన్నం తింటాండావా లేదా?"

"తింటాండాలే."

"నాకాడ అబద్ధాలు చెప్పగాకు నాయనా," అనేసి వెళ్లిపోయింది.

మూత లోపల కందిగింజంత ఇయర్‌పీస్. చెవిలో పెట్టుకోగానే ఢిల్లీ నుంచి చీఫ్ గొంతు.

"ప్రసాద్, టైమ్ లేదు. ఇవాళ రెండున్నరకి మిరాజ్ దెబ్బ కొడుతుంది."

మిరాజ్ అంటే అంతర్జాతీయ ముఠా. దేశం లేదు, దయ లేదు.

"టార్గెట్?"

"డిజిటల్ ట్విన్."

హైదరాబాద్ పరిశోధకులు, కువైట్ ఇంజినీర్లు కలిసి మూడేళ్లు చెమటోడ్చి కట్టిన వ్యవస్థ అది. ఊరంతా స్తంభాలకు తొమ్మిది వందల తెల్ల డబ్బాలు, వాటిలో సెన్సర్లు. ఎక్కడెంత వేడి, ఎంత కరెంటు అన్నది నిమిషనిమిషానికీ కంప్యూటర్‌కి చేరుతుంది. అక్కడ నగరానికి ఒక నకలు ఉంటుంది. ఏసీలన్నీ ఒక్కసారిగా కరెంటు లాగే వేళ, ఎక్కడ పది నిమిషాలు ఆపినా ఎవరి ప్రాణం మీదికీ రాదో ఆ నకలే లెక్కేసి ఆపుతుంది. ఊరు మొత్తం చీకటి కాకుండా కాస్తుంది.

"దొంగ రీడింగులు ఎక్కిస్తారు," అన్నాడు చీఫ్. "సులైబియా చల్లగా ఉన్నట్టు చూపిస్తారు. అక్కడ కరెంటు పోతుంది. పది నిమిషాలు కాదు, రెండు గంటలు."

సులైబియాలో లేబర్ క్యాంపులు. ఎండాకాలం పదకొండు నుంచి నాలుగు దాకా బయట పని నిషేధం. ఆ వేళకి నాలుగు వేల మంది రేకు గదుల్లో, ఏసీని నమ్ముకుని నిద్రపోతుంటారు.

"ఆ శవాలు చూపించి వ్యవస్థ పనికిరాదంటారు. తమ బినామీ కంపెనీ సరుకు అమ్ముకుంటారు. ఇంకో మాట. వాళ్ల లోపలి మనిషి ఇరీనా."

డాక్టర్ ఇరీనా! కంట్రోల్ రూమ్ కన్సల్టెంట్. రెండేళ్లుగా ఢిల్లీకి సమాచారం ఇస్తున్న ఏజెంటు. ఆకుపచ్చ కళ్లు, ఊదు అత్తరు. ఆమె నవ్వితే నాగేంద్రప్రసాద్‌కి ట్రైనింగ్ సగం మరుపుకొచ్చేది.

మూడు వారాల కిందట ఆమే చెప్పింది. "సులైబియాలో పదిహేడో డబ్బా చూడండి. రోజుకి మూడుసార్లు వేడి దభాలున పడిపోతోంది. ఎవరో వేలు పెడుతున్నారు." సెన్సర్ టెక్నీషియన్ వేషంలో అతను కాపు కాశాడు. డబ్బాలు బిగించే కూలీ రాజయ్య దాన్ని తెరుస్తుంటే చూశాడు. ఆ పూటే రిపోర్టు రాశాడు, విద్రోహం అని. ఆ పడిపోయిన రీడింగులన్నీ నకిలీవని పాత రికార్డుల్లోంచి తుడిచేశారు. కంపెనీ రాజయ్య నివాస అనుమతి, అంటే ఇఖామా, రద్దు చేసి, టికెట్ వచ్చేదాకా ఈ గోదాములో కూర్చోబెట్టింది.

మూడో రోజు నాగేంద్రప్రసాదే వెళ్లి డబ్బా తెరిచాడు. లోపల తడి గోనెగుడ్డ చుట్టిన నీళ్ల సీసా! క్యాంపు కొళాయిలో మరుగుతున్న నీళ్లు. ఎండ తగలకుండా గాలి ఆడే చోటు ఊళ్లో ఆ డబ్బాలే. ఒక కూలీ తాగే నీళ్లు చల్లబరచుకున్నాడు, అంతే.

తప్పు తనదని తెలిసింది. నోరు విప్పలేదు. విప్పితే రిపోర్టు అబద్ధమవుతుంది, ప్రమోషన్ పోతుంది, ఇరీనా నవ్వుతుంది. మూడింట్లో దేనికి ఎక్కువ భయపడ్డాడో అతను ఇప్పటికీ ఒప్పుకోలేదు.

"వింటున్నావా?" చీఫ్ గొంతు కరుకైంది. "టీ పోసే ఫర్రాష్ వేషంలో కంట్రోల్ రూమ్ లోపలికి వెళ్లు. రీడింగులు వచ్చే లైన్లు రెండుంటాయి, ఒకటి అసలు, ఒకటి దొంగ. లైను కోసే తాళం డ్యూటీ ఇంజినీర్ ఫహద్ చేతిలో. ఏది దొంగదో రుజువు చూపించు, అతను కోసేస్తాడు. పొరపాటున అసలుది కోస్తే మనమే ముంచినట్టు."

"రుజువు ఎక్కడిది సార్?"

"నీకు పంపిన స్కానర్ కళ్లజోడు ఏమైంది?"

"యాభై డిగ్రీల దగ్గర ప్రాణం విడిచింది సార్."

"నీ తెలివి ఉపయోగించు. పదిహేడో డబ్బా రిపోర్టు మాత్రం ముట్టుకోకు. అది క్లోజ్డ్ ఫైల్."

ఆఫీసుల్లో టీ, గహ్వా అనే అరబ్బీ కాఫీ పోసే ఫర్రాష్‌ల యూనిఫాంలు ఉండేది ఈ గోదాములోనే. ఇక తప్పలేదు. నాగేంద్రప్రసాద్ గడప దాటాడు.

రాజయ్య తన అట్టపెట్టెకి తాడు బిగిస్తున్నాడు. పెట్టె మీద మార్కరుతో పేరు, ఊరు, జగిత్యాల జిల్లా.

"ఏంది ప్రసాద్ సారూ, తొవ్వ తప్పినవా?"

"ఫ్లైటు ఎప్పుడు?"

"పొద్దూకంగనె."

"రాజయ్యా... ఆ డబ్బాలో సీసా..."

"సీసనే గద సారూ పెట్టిన, బాంబు పెట్టిన్నా? నువ్వడిగితె చెప్తుంటి. నువ్వడగలే."

రాజయ్య కోప్పడనైనా లేదు. కోప్పడి ఉంటే బాగుండేదని నాగేంద్రప్రసాద్‌కి అనిపించింది.

"ఇప్పుడు గూడా ఎవరన్నా పెడ్తాండారా?"

"నన్ను పంపిస్తె దూప ఆగుతదా? ఇయ్యాల్టికి నలభై డబ్బాలల్ల ఉన్నయ్. తొమ్మిదింటికోసారి, పదకొండింటికోసారి, పగటి అజాన్ ఇనబడంగనె ఇంకోసారి గోనె తడిపి పెడ్తరు." తాడు ముడి వేశాడు. "నా బాధ గది గాదు. మిషన్లు కరాబు జేసిండని ఊరంత అనవట్టె. మా ఇంటామె కొమురక్క బాయికాడికి నీళ్లకు పోతలేదట. గా ముచ్చటకు నువ్వేం జెప్తవ్?"

నాగేంద్రప్రసాద్ యూనిఫాం తీసుకుని, తల వంచుకుని బయటపడ్డాడు.

రెండూ ఇరవై. సముద్రం వైపు టవర్‌లో కంట్రోల్ రూమ్. అద్దాల వెనక ఆ వ్యవస్థను చూడ్డానికొచ్చిన విదేశీ అతిథులు. గోడంత తెర మీద రెండు గీతలు. ఒకటో లైను సులైబియా యాభై ఒకటి అంటోంది. రెండోది నలభై నాలుగు అంటోంది.

"ఒకటో లైను సెన్సర్లు ఎండకి మాడిపోయాయి," ఇరీనా నిబ్బరంగా చెబుతోంది. "రెండున్నరకి సిస్టమ్ దానంతటదే రెండో లైనుకి మారుతుంది. ముట్టుకోకండి."

ఫహద్ యువకుడు. నుదుటి మీద చెమట, చేతిలో తాళం.

గహ్వా ట్రే బల్ల మీద పెట్టి నాగేంద్రప్రసాద్ అన్నాడు. "ఇంజినీర్ సాబ్, రెండో లైను దొంగది."

ఇరీనా తిరిగి చూసింది. గుర్తుపట్టింది. నవ్వుతూ కప్పు అందుకునే నెపంతో దగ్గరకొచ్చి చెవిలో అంది. "డబ్బాలో ఏముందో నాకు మొదటి రోజే తెలుసు. నీకు మూడో రోజు తెలిసింది. చెప్తావా? చెబితే ఇద్దరం మునుగుతాం."

చెవిలో చీఫ్ కేకేశాడు. "ప్రసాద్! ఆ ఫైలు జోలికి వద్దు!"

నాగేంద్రప్రసాద్ ఇయర్‌పీస్ తీసి గహ్వా కప్పులో వేశాడు. ఢిల్లీ బుడగలు వేస్తూ మునిగిపోయింది.

"సాబ్, నేను ఫర్రాష్‌ని కాను. భారత ప్రభుత్వ ఏజెంటుని. పదిహేడో డబ్బా విద్రోహం రిపోర్టు రాసింది నేనే. అది తప్పు. అందులో ఉన్నది నీళ్ల సీసా. క్యాంపు వాళ్లు తడి గోనె చుట్టి పెట్టుకుంటారు, తొమ్మిదికి, పదకొండుకి, అజాన్‌కి. ఇవాళ నలభై డబ్బాల్లో ఉన్నాయి. రెండు లైన్లూ పెద్దవి చేసి చూడండి."

ఫహద్ వేళ్లు పరిగెత్తాయి. ఒకటో లైనులో మూడు చోట్ల వేడి పడిపోయిన గంట్లు, నలభై డబ్బాల్లోనూ అవే వేళలకి. రెండో లైను ఇస్త్రీ చేసినట్టు నున్నగా ఉంది.

"నా రిపోర్టు నమ్మి రికార్డులు తుడిచారు. తుడిచిన రికార్డులతోనే ఈ దొంగ లైను అల్లారు. అందుకే అందులో ఎవరికీ దాహం వేయలేదు."

"ఇన్నాళ్లూ తెలిసి నోరు మూసుకున్నవాడి మాట నమ్ముతారా?" ఇరీనా విసిరింది.

ఫహద్ అతని కళ్లలోకి చూశాడు. "తెలుసా?"

"తెలుసు."

"మరెందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది."

దొంగ ఇంత పనికిమాలిన కారణం చెప్పడు అనుకున్నాడో ఏమో, ఫహద్ తాళం దూర్చాడు. రెండూ ఇరవై తొమ్మిది, యాభై సెకన్లు. ఇరీనా లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల రంగు లేదు, సూది ఉంది. అది ఫహద్ మణికట్టు చేరేలోపు గహ్వా ట్రే ఆమె మీద బోర్లాపడింది. ఆమె కేక, తాళం తిరిగిన చప్పుడు ఒక్కసారే వినిపించాయి.

రెండో లైను ఆరిపోయింది. గడియారం రెండున్నర కొట్టింది. సులైబియాలో నాలుగు వేల మంది పక్క మీద ఇటు నుంచి అటు ఒత్తిగిల్లారు, అంతే.

గార్డులు ఇరీనాని తీసుకెళ్లారు. ఫహద్ కంపెనీకి ఫోన్ చేసి, జరిగిందంతా చెప్పి రాజయ్య ప్రయాణం ఆపించాడు. సెన్సర్ కింద నీళ్ల సీసాకి వేరే డబ్బా పెట్టించాలని అక్కడికక్కడే కాగితం మీద బొమ్మ గీశాడు. "ఇది మాకు మూడేళ్లు తట్టలేదు," అన్నాడు. అతనూ సిగ్గుపడ్డాడు. నాగేంద్రప్రసాద్‌కి అది ఏ మాత్రం ఊరటనివ్వలేదు.

సాయంత్రం నాలుగున్నరకి మళ్లీ గోదాము. ఈసారి గడప దగ్గర ఆగలేదు.

"నాదే తప్పు రాజయ్యా. నన్ను..."

"మాఫీ నా దగ్గెర అడగకు సారూ." రాజయ్య ఫోన్ తీసి నంబరు కలిపి చేతిలో పెట్టాడు. "ఇంటికాడ చెప్పు. నీ నోటితోని, నీ అసలు పేరుతోని చెప్పు. స్పీకర్ల పెట్టమను, వాడకట్టంత ఇననీ."

పదకొండేళ్లుగా అతను ఎవరికీ అసలు పేరు చెప్పలేదు. ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఒక వాడ మొత్తానికి చెప్పాడు. రాజయ్య ఏ తప్పూ చేయలేదని, సీసా పెట్టడాన్ని కుట్ర అనుకున్నది తనేనని, నిజం తెలిశాక కూడా దాచానని చెప్పాడు.

అవతలి నుంచి కొమురక్క గొంతు నిదానంగా వచ్చింది.

"సరే బిడ్డా. ఒక్కటడుగుత. నీళ్ల సీసను గుర్తువట్టనోనికి సర్కారు ఏం నౌకరి ఇచ్చింది?"

అదృష్టవశాత్తూ, ఆ జవాబు అధికార రహస్యాల చట్టం కిందికి వస్తుంది.